ఉప్పునీటి బావుల ప్రాజెక్టుకు మనిషిని ఎంచుకోవడం

ప్రశ్న: నేను గోదావరి జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. చేరి నాలుగేళ్లయింది. కోనసీమ తీర మండలాల్లో తాగునీటి బావులు, బోర్లు ఎందుకు ఉప్పెక్కుతున్నాయో పరిశీలించే మూడేళ్ల ప్రాజెక్టు ఒకటి దీపావళికి ముందు మంజూరైంది. ఇది నా మొదటి ప్రాజెక్టు. ఒక జేఆర్‌ఎఫ్‌ను (జూనియర్ రీసెర్చ్ ఫెలోను), ఒక ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసుకోవాలి. నోటిఫికేషన్ ఇంకా ఇవ్వనేలేదు, అప్పుడే సిఫార్సు ఫోన్లు మొదలయ్యాయి. మా శాఖాధిపతి తన బావమరిది కొడుకును చూడమన్నారు. నా దగ్గరే ఎమ్మెస్సీ చేసిన రాజోలు వైపు అమ్మాయి ఈ పనికి చక్కగా సరిపోతుంది కానీ ఆమె నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గట్టెక్కలేదు. జీతం లేకపోయినా పనిచేస్తాం, సర్టిఫికెట్ ఇస్తే చాలు అని ముగ్గురు విద్యార్థులు తిరుగుతున్నారు. ఎవరినీ నొప్పించకుండా, తప్పు జరగకుండా ఈ ఎంపిక ఎలా చేయాలి?
— ఒక అధ్యాపకురాలు, కోనసీమ

సమాధానం: అమ్మా, మొదటి ప్రాజెక్టు వచ్చినందుకు మనస్ఫూర్తిగా అభినందనలు. ఎన్ని ప్రతిపాదనలు తిరిగొచ్చాక ఒకటి నిలుస్తుందో నాకు తెలుసు.

ఎవరినీ నొప్పించకూడదన్న కోరికను మాత్రం ముందుగా పక్కన పెట్టండి. ఒక్క ఉద్యోగానికి నలభై మంది వస్తే ముప్పై తొమ్మిది మంది బాధతోనే ఇంటికి వెళతారు. మమ్మల్ని ఊరికే పిలిచి తిప్పారు, మనిషిని ముందే అనుకున్నారు అని వాళ్లు అనుకోకుండా చూడగలిగితే చాలు. అంతవరకు మీ చేతిలో ఉంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మనుషుల గురించి చాలా ఉంది, పని గురించి ఒక్క వాక్యమే ఉంది. మీ చిక్కంతా అక్కడే మొదలైందని నాకు అనిపిస్తోంది. ఇంకొక సిఫార్సు ఫోను ఎత్తే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, మీ జేఆర్‌ఎఫ్ ఒక మామూలు రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో రాయండి. ఆరింటికి అమలాపురంలో బయలుదేరాలి. మలికిపురం, సఖినేటిపల్లి దారిలో పన్నెండు బావులు, బోర్లు చూడాలి. బోరు గొట్టంలో నిలిచి ఉన్న పాత నీరు పోయేదాకా పంపు కొట్టి, ఆ తరువాతే సీసా పట్టాలి. అదే నీటితో సీసాను మూడుసార్లు తొలవాలి. ఉప్పుదనం ఎంతో సూచించే నీటి విద్యుత్ వాహకతను అక్కడికక్కడే కొలవాలి. ఇంటి ఇల్లాలితో కూర్చుని, ఈ నీళ్లు ఏ నెలలో ఉప్పగా మారతాయి, పప్పు ఎప్పటి నుంచి ఉడకడం లేదు అని అడిగి రాసుకోవాలి. తిరిగొచ్చి మర్నాడు ల్యాబ్‌లో నీటిలోని క్లోరైడ్, అంటే ఉప్పు పాలు, ఎంతో తేల్చాలి. ఇలా ఏడాదికి ఎన్ని రోజులో కూడా రాయండి.

ఆ కాగితం మీద ఒక సంగతి మీకే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డెల్టాలో తీరం దగ్గర మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, తేలిక కాబట్టి. వానలు, కాలువల ఊట, వరిచేలలో నిలిచిన నీరు ఆ పై పొరను నిలబెడతాయి. వేసవిలో కాలువలు కట్టేసి, బోర్లు మాత్రం ఆగకుండా తోడుతుంటే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. కాబట్టి మీకు కాలువలు కట్టేసిన రోజుల్లో ఒకసారి, మళ్లీ నీళ్లు వదిలి నాట్లు పడ్డాక ఒకసారి నమూనాలు కావాలి. మీ మనిషి జూలైలో చేరితే మొదటి వేసవి పోయినట్టే. మూడేళ్ల ప్రాజెక్టులో వేసవులు మూడే ఉంటాయి. నోటిఫికేషన్ తేదీని నిర్ణయించేది మీ తీరిక కాదు, కాలువల తాళాలు.

ఇప్పుడు మంజూరు పత్రం తీయండి. అందులో ఏ హోదా రాసి ఉంటే ఆ హోదాకే మనిషిని తీసుకోవాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నిబంధనలను అనుసరించే ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్ కావాలంటే పీజీతో పాటు నెట్ గానీ గేట్ గానీ, కేంద్ర ప్రభుత్వ శాఖలు జాతీయ స్థాయిలో జరిపే అలాంటి మరో పరీక్ష గానీ ఉండాలి. చాలామందికి తెలియని మాట ఒకటి చెబుతాను. నెట్‌లో ఫెలోషిప్ రాకపోయినా, లెక్చరర్‌షిప్ అర్హత వచ్చినా చాలు. ఈ మాట నోటిఫికేషన్‌లో తెలుగులో కూడా స్పష్టంగా రాయండి. అది రాయకపోవడం వల్ల దరఖాస్తే పెట్టకుండా ఆగిపోయిన పిల్లలను చూశాను. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. ఆ తరువాత పని చూసి కమిటీ సరేనంటే ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000. ఇంటద్దె భత్యం వేరు. ఈ అంకెలు నోటిఫికేషన్‌లోనే ఉండాలి. "నిబంధనల ప్రకారం" అని రాసి వదిలేయకండి.

రాజోలు అమ్మాయి విషయంలో మీ మనసు ఎటు లాగుతోందో ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ అభిమానం మంచిదే. అయినా నెట్ లేకుండా ఆమెను జేఆర్‌ఎఫ్‌గా తీసుకోలేరు. తీసుకుంటే ఆడిట్ అభ్యంతరం పెడుతుంది, ఆమె అందుకున్న డబ్బు తిరిగి కట్టమనే పరిస్థితి కూడా రావచ్చు. నెట్ లేనివారికి తక్కువ రేటు ఉండే ప్రాజెక్ట్ అసోసియేట్ హోదాకు మార్చమని నిధులిచ్చిన సంస్థకు రాయవచ్చు కదా అంటారేమో. రాయవచ్చు, వాళ్లు ఒప్పుకుంటే మార్చనూ వచ్చు. కానీ ఆ ఉత్తరం రాసే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. ఈ అమ్మాయి మీకు పరిచయం లేకపోయినా ఆ మార్పు కోరేవారా? కోరను అనిపిస్తే రాయకండి. ఒక మనిషి కొలతకు కుట్టిన నోటిఫికేషన్‌ను డెల్టాలో ఎవరైనా గుర్తుపడతారు. అమలాపురం నుంచి నరసాపురం దాకా అందరికీ అందరూ తెలుసు.

ఇంకొక దారి మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది దయలా కనిపిస్తుంది. ఆమెను ఫీల్డ్ అసిస్టెంట్‌గా తీసుకుని, జేఆర్‌ఎఫ్ చేయాల్సిన పనంతా ఆమె చేత చేయించుకోవడం. సగం జీతానికి పూర్తి పని. అలా మూడేళ్లు నలిగిపోయిన పిల్లలు విశ్వవిద్యాలయాల్లో ఎందరో ఉన్నారు. ఆమె తెలిసే ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే అది ఆమె ఇష్టం. మీరు మాత్రం ఆ హోదాకు రాసిన పనినే చెప్పండి. ఈ వారంలోనే ఆమెను కూర్చోబెట్టుకుని, జేఆర్‌ఎఫ్ రాదమ్మా అని నేరుగా చెప్పండి. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. చదువుకోవడానికి మీ పుస్తకాలు, మీ ఆదివారాలు ఇవ్వండి. ఆశ పెట్టి నోటిఫికేషన్ దాకా నాన్చడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

శాఖాధిపతి సంగతికి వస్తే, ఆయనతో మాట్లాడటానికి భయపడకండి. కుర్రవాడికి అర్హత ఉంటే దరఖాస్తు పెట్టుకునే హక్కు అందరిలాగే ఉంది. పెట్టుకోనివ్వండి. ఆయన మాత్రం ఎంపిక కమిటీలో కూర్చోకూడదు. ఈ మాటను ఆయన గౌరవానికి భంగం లేకుండా చెప్పవచ్చు. "సార్, మీ వాళ్ల అబ్బాయి దరఖాస్తు పెడుతున్నాడు కాబట్టి మీరు కమిటీలో ఉంటే, నెగ్గినా రేపు ఆ అబ్బాయికే మాట వస్తుంది. మీ బదులు మరొకరిని సూచించమని డీన్ గారికి రాద్దామా?" అని అడగండి. చాలామంది పెద్దలు దీనికి ఒప్పుకుంటారు, తమను ఇరుకున పడేయకుండా దారి చూపించారని లోలోపల సంతోషిస్తారు కూడా. ఒప్పుకోకపోతే, బంధువు దరఖాస్తు ఉన్న సంగతి కాగితం మీద పెట్టి రిజిస్ట్రార్ కార్యాలయానికి పంపండి. కోపం వస్తుంది. రానివ్వండి. మూడేళ్ల పాటు ఆ బోర్ల దగ్గరికి వెళ్లేది, ఆ లెక్కలకు జవాబు చెప్పేది మీరే.

ఇక ఎంపిక. ఇంటర్వ్యూలో పది నిమిషాలు ప్రశ్నలు అడిగి మనిషిని తేల్చేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. మాటకారులకు అది సులువు. ఇంటర్వ్యూకు ముందు రోజు గానీ అదే రోజు ఉదయం గానీ, వచ్చిన వాళ్లందరినీ రెండు గంటలు ల్యాబ్‌లో పెట్టండి. మా ల్యాబ్‌లో నేను ఏళ్ల తరబడి ఒకే పరీక్ష పెట్టాను. ఒక్కొక్కరికి మూడు సీసాల నీరు, ఒకటి రెండు మూడు అని నంబర్లతో. క్లోరైడ్ ఎంతో తీసి చెప్పాలి. సిల్వర్ నైట్రేట్ చుక్క చుక్కగా వదులుతుంటే పసుపు రంగు ద్రావణం ఇటుక రంగుకు తిరిగే క్షణాన్ని పట్టుకోవాలి. ఎమ్మెస్సీ చేసిన వాళ్లందరూ ఎప్పుడో ఒకసారి చేసిందే. నేను చెప్పని సంగతి ఒక్కటి ఉండేది. ఒకటో సీసాలోనూ మూడో సీసాలోనూ ఉన్నది ఒకే నీరు.

ఒక ఏడాది తొమ్మిది మంది వచ్చారు. అందులో ఒక అమ్మాయికి ఒకటో సీసాకు, మూడో సీసాకు వేర్వేరు విలువలు వచ్చాయి. పక్క బల్ల మీద ఉన్న అబ్బాయికి రెండూ సరిగ్గా సమానంగా వచ్చాయి, దశాంశాలతో సహా. ఆమె కాగితం చూశాను. మూడో సీసా మొదటి విలువ మీద ఒక్క గీత మాత్రమే ఉంది, కింది అంకె చదవడానికి వీలుగా. పక్కన చిన్న అక్షరాలతో, రెండో సీసా తరువాత నీరు కొలిచి తీసే పిపెట్‌ను సరిగా తొలవలేదు, మళ్లీ చేస్తున్నాను అని రాసింది. రెండో ప్రయత్నం విలువ ఆ కింద ఉంది. అబ్బాయి కాగితంలో దిద్దుబాట్లు లేవు, చుక్కలు వదిలే బ్యూరెట్ గొట్టం మొదటి కొలత, చివరి కొలత కూడా లేవు. జవాబులు మాత్రమే ఉన్నాయి. ఆమె మార్కులు అతని కంటే తక్కువ. కమిటీలో దాని మీద గంటసేపు వాదన జరిగింది. చివరికి ఆమెనే తీసుకున్నాం. తప్పు చేసినప్పుడు కొట్టివేతను దాచని చేయి దొరకడం ఎంత అరుదో బావుల లెక్కలు రాసిన వారికి తెలుసు. వాహకత అంకె అనుకున్నట్టు రాకపోతే, ఎవరూ చూడని సఖినేటిపల్లి వీధిలో నిలబడి, కొంచెం సవరించి రాసేయడం ఎంత సులభమో ఆలోచించండి. ఆ అంకె మీద రేపు పంచాయతీ వాళ్లు ఎక్కడ మంచినీటి బోరు వేయాలో నిర్ణయించుకుంటారు.

పరీక్ష చూసేటప్పుడు చిన్న పనులను గమనించండి. నంబరును సీసా ఒంటి మీద రాశారా, మూత మీద రాశారా? మూత మీద రాసిన నంబరు మూతతో పాటే మారిపోతుంది. ఈ పరీక్షకు ఎన్ని మార్కులో, ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులో నోటిఫికేషన్‌లోనే చెప్పేయండి. మార్కుల కాగితాల మీద కమిటీ సభ్యులందరి సంతకాలు అదే రోజు సాయంత్రం చేయించండి. ఇంటర్వ్యూలో ఎవరైనా సభ్యులు అమ్మాయిలను పెళ్లి ఎప్పుడు, పెళ్లయ్యాక మానేస్తావా అని అడగబోతే మీరే మధ్యలో ఆపండి. ప్రాజెక్టు సిబ్బందిలో ఏ హోదాలో ఉన్న స్త్రీకైనా ప్రసూతి సెలవు ఉందని కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నిబంధనల్లోనే రాసి ఉంది.

నోటిఫికేషన్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెడితే సరిపోదు. కాకినాడ పీఆర్ కళాశాలకు, రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాలకు, నరసాపురం వైఎన్ కళాశాలకు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మీ శాఖకు పంపండి. ఫీల్డ్ అసిస్టెంట్ ప్రకటనను మాత్రం తెలుగులో ఒక పేజీగా రాసి, మీరు నమూనాలు తీసే ఊళ్ల పంచాయతీ కార్యాలయాల్లో అంటించండి. ఆ ఉద్యోగానికి ఊరు తెలిసిన మనిషి కావాలి. ఏ ఇంట్లో పాత బావి ఉందో, ఎవరు మధ్యాహ్నం ఇంట్లో ఉంటారో, నది దాటించే పంటు ఎప్పుడు ఆగిపోతుందో వాళ్లకే తెలుసు. మీరు తీయబోయేది ఉప్పునీటి లెక్క అని మాత్రం మరవకండి. ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న రొయ్యల చెరువుల గట్టు దాకా వెళుతుంది. అభ్యర్థి కుటుంబానికి చెరువులు ఉన్నాయా అని అందరినీ ఒకేలా అడగండి. ఉంటే అది అనర్హత కాదు. అయితే ఆ ఊరి నమూనాలు మరొకరు తీయాలి, అంతే.

మనిషి దొరికాక చాలామంది పెద్దలు పని అయిపోయిందనుకుంటారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇక్కడే. నేను ప్రాజెక్టులో స్కాలర్‌గా చేరిన ఏడాది, వరసగా ఏడు నెలలు ఫెలోషిప్ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. వస్తుందిలే అనేవారు. మెస్ బాకీ రాసిన బల్ల ముందు నుంచి వెళ్లలేక, మెట్ల వెనుక దారిలో భోజనానికి వెళ్లేదాన్ని. ఇంటి దగ్గర అమ్మ ధాన్యం అమ్మి పంపిన డబ్బుతో బస్సు టిక్కెట్లు కొన్నాను. తరువాత తెలిసింది, ముందు ఏడాది వినియోగ ధ్రువపత్రం, మనందరం యూసీ అనే ఆ ఒక్క కాగితం, సమయానికి పంపలేదు. అందువల్ల రెండో విడత నిధులు ఆగిపోయాయి. ఒక కాగితం ఎవరి బల్ల మీదో నిద్రపోతే ఒక మనిషి ఏడు నెలలు ఆకలితో ఉండాల్సి వచ్చింది.

మీరు అలా జరగనివ్వకండి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే ఖర్చుల లెక్క, యూసీ పట్టుకుని ఫైనాన్స్ విభాగం గుమ్మం ముందు నిలబడండి. జీతాల పద్దులోని డబ్బును రసాయనాలకు తాత్కాలికంగా వాడుకోవడం అనే అలవాటు మొదలే పెట్టకండి. నిధులు ఆలస్యమైతే విశ్వవిద్యాలయం తన ఖాతా నుంచి ముందుగా చెల్లించి తరువాత సర్దుకునే ఏర్పాటు ఉందేమో ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే ఇవ్వమని అడగండి. ఇంతా చేసి, ఎంపికైన మనిషిని కూర్చోబెట్టి, రెండో ఏడాది నుంచి ఫెలోషిప్ రెండు మూడు నెలలు ఆలస్యం కావచ్చు, మొదటి ఏడాది కొంత పక్కన పెట్టుకో అని చెప్పండి. ఇది చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

పీహెచ్‌డీ మాట కూడా అదే రోజు తేల్చాలి. జేఆర్‌ఎఫ్‌గా చేరే ప్రతి ఒక్కరూ పీహెచ్‌డీ వస్తుందనే ఆశతోనే వస్తారు. ప్రాజెక్టులో చేరడం, పీహెచ్‌డీలో ప్రవేశం పొందడం రెండూ వేర్వేరు. ప్రవేశ పరీక్ష వేరు, నోటిఫికేషన్ వేరు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ గైడ్ కావాలంటే పీహెచ్‌డీతో పాటు నిపుణుల సమీక్ష జరిగే పత్రికల్లో కనీసం మూడు పరిశోధన వ్యాసాలు ఉండాలి. ఒకేసారి నలుగురు స్కాలర్ల కంటే ఎక్కువ మందిని తీసుకోకూడదు. మీకు గైడ్ గుర్తింపు వచ్చిందో లేదో మీ ఉత్తరంలో లేదు. రాకపోతే ఆ సంగతి అభ్యర్థికి చెప్పండి. పీహెచ్‌డీకి కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు పడుతుంది. మీ ప్రాజెక్టు కూడా మూడేళ్లే, అందులో కొన్ని నెలలు ఎంపికకే పోయాయి. థీసిస్ సగంలో ఉండగా డబ్బు ఆగిపోతుందన్న మాట. ఆ తరువాత ఏం చేయవచ్చో మీరిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. మరో ప్రాజెక్టుకు ప్రయత్నిస్తారా, ఈలోగా సొంతంగా ఫెలోషిప్ తెచ్చుకోగలరా? నియామక పత్రంలో ప్రాజెక్టు ముగిసే తేదీ నెలతో సహా ఉండాలి. ఇంట్లో వాళ్లకు ఆ పత్రం చూపించమని చెప్పండి. యూనివర్సిటీలో పర్మినెంటు ఉద్యోగం వచ్చిందని ఊరంతా మిఠాయిలు పంచిన తండ్రిని నేను చూశాను. మూడేళ్ల తరువాత ఆయన మా వరండాలో నిలబడి నన్నేమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

డీఎస్సీయో, బ్యాంకు ఉద్యోగమో వచ్చి మధ్యలో వెళ్లిపోతే ఏం చేయాలని మీరు తప్పక అడుగుతారు. వెళ్లనివ్వండి, ఆశీర్వదించి పంపండి. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని పిల్లలను కట్టిపడేసే పద్ధతి తప్పు. మీకు కావలసింది మనిషి వెళ్లినా లెక్క మిగలడం. ఫీల్డ్ పుస్తకం ప్రాజెక్టుది, ల్యాబ్‌లోనే ఉండాలి. ఏ రోజు పేజీలకు ఆ రోజు సాయంత్రమే ఫొటో తీసి భద్రపరిస్తే చాలు.

జీతం లేకుండా చేస్తామన్న ఆ ముగ్గురు విద్యార్థులను వాళ్ల అవసరం కనిపెట్టి వాడుకోకండి. వాళ్ల ఎమ్మెస్సీ ప్రాజెక్టు పని మీ బావులకు సంబంధించినదైతే రమ్మనండి, నేర్పండి. కానీ వాళ్ల చార్జీలు, మధ్యాహ్న భోజనం ప్రయాణ ఖర్చుల పద్దు నుంచి వచ్చేలా మంజూరు పత్రంలో ఏది కుదురుతుందో చూడండి. కుదరకపోతే ల్యాబ్ పని మాత్రమే ఇవ్వండి. పంటు ఎక్కినా, పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరినీ పంపకండి. అమ్మాయిని ఒంటరిగా ఫీల్డ్‌కు పంపడం అసలే వద్దు. వాళ్లు తీసిన అంకె మీ వ్యాసంలో ఉండి, దాన్ని అర్థం చేసుకోవడంలో వాళ్ల ఆలోచన కూడా ఉంటే, వాళ్ల పేరు రచయితల్లో ఉండాలి. నీళ్లు మోసినంత మాత్రానికి కృతజ్ఞతల్లో పేరు చాలు. ఏది ఏ లెక్కన అన్నది మొదటి రోజే చెప్పండి.

రేపు ఉదయం కూర్చుని ఆ ఒక్కరోజు పని కాగితం రాయండి. దాని నుంచే నోటిఫికేషన్ ముసాయిదా తయారవుతుంది. గడువు మూడు వారాలు, ఎంపిక, ఆమోదం, చేరే మనిషి ఇప్పుడున్న చోట ఇవ్వాల్సిన నెల నోటీసు అన్నీ కలిపితే రెండున్నర నెలలు దాటుతుంది. కాలువలు కట్టేసే లోపు మీ మనిషి చేతికి సీసాలు అందాలంటే ప్రకటన సంక్రాంతికి ముందే బయటికి రావాలి. పంపే ముందు ముసాయిదా నాకొకసారి పంపండి, తీరిక చేసుకుని చదువుతాను.